ఒక్క పూటకు చచ్చిపోయిన కట్టయ్య

కాజీపేట,
ఆదివారం మధ్యాహ్నం.

తమ్ముడు ఇమ్మానుయేలుకు,

ప్రభువు పేరిట వందనాలు చెప్పి నీ అక్క రాహేలు రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, మీ బావ ఆయన దయవల్ల బాగానే ఉన్నాము. అక్కడ నువ్వు, మరదలు ప్రేమలత, పిల్ల షారోన్ క్షేమమని తలుస్తాను. నువ్వు క్షేమంగా ఉన్నావని నీ ఉత్తరం పైన రంగుల్లో అచ్చయిన నీ ఫోటో చూస్తేనే తెలిసింది. బుగ్గలు బాగా నిండాయి. సొంత అక్కకు రాయడానికి కూడా నువ్వు నడిపే ట్రస్టు పేరున్న కాగితమే వాడావు. కింద సంతకం బదులు రబ్బరు ముద్ర వేశావు. అది చూసి మీ బావ, "మీ తమ్ముడు నీకు రసీదు పంపిండా ఏంది?" అని అడిగాడు.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావేమో. ఫోన్ చేస్తే నేను రెండో మాట అనేలోపు "ప్రైజ్ ది లార్డ్ అక్కా, మీటింగుల ఉన్న" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే సగంలో పెట్టేసినా ఎక్కడికీ పోదు, బల్ల మీదే ఉంటుంది. ఎప్పుడో ఒకప్పుడు చదవక తప్పదు.

నువ్వు అడిగినవాటికి వరుసగా జవాబు చెబుతాను.

బావ మోకాలు ఎలా ఉందన్నావు. నువ్వు ప్రార్థన చేసి పంపిన నూనె సీసా అందింది. మంచి కొబ్బరి నూనె, వాసన బాగుంది. నేను తలకు రాసుకుంటున్నాను. మోకాలికి మాత్రం రైల్వే దవాఖాన మాత్రలే పని చేస్తున్నాయి.

సెలవుల బైబిలు బడి చివరి రోజున ఎంతమంది పిల్లలు యేసయ్యను అంగీకరించారో, జాన్సన్ పంపిన లెక్క నిజమేనా కాదా రాయమన్నావు. లెక్క నిజమే. హాలులో ఉన్న పిల్లలకంటే ఎత్తిన చేతులు ఎక్కువ ఉన్నాయి. అది ఎలాగో నువ్వు అడగలేదు, నేనే చెబుతాను. నీ బామ్మర్ది జాన్సన్ నల్లద్దాలు పెట్టుకుని, మైకు చెవికి తగిలించుకుని, "యేసయ్య ఎవరికి కావాలి, చేతులెత్తండి" అని అరిచాడు. మన బస్తీ పిల్లలు చదివే సర్కారు బడిలో మధ్యాహ్నం గుడ్డు పెట్టే రోజున సారు "గుడ్డు ఎవరికి కావాలె" అని అడుగుతాడు. చెయ్యి ఎత్తనివాడికి గుడ్డు రాదు. అలవాటు ప్రకారం అందరూ ఎత్తారు. రెండు చేతులూ ఎత్తితే రెండు దొరుకుతాయేమోనని కొందరు రెండూ ఎత్తారు. జాన్సన్ కళ్ళు మూసుకుని స్తోత్రం చెబుతుంటే, పై దేశం నుంచి వచ్చిన నీ అతిథులు ఆ చేతులన్నీ లెక్కపెట్టుకున్నారు. ప్రార్థన అయిపోయాక కూడా పిల్లలు పళ్ళేలు పట్టుకుని కదలకుండా కూర్చున్నారు. ఒక బుడ్డోడు నా కొంగు లాగి, "టీచరమ్మా, యేసయ్య ఉడికిందా?" అని అడిగాడు. ఈ మాట నీ పత్రికలో వేసుకో, బాగుంటుంది.

నవ్వులాటకు చెప్పడం లేదు తమ్ముడూ. ఆ బిడ్డలకు నేను ఆదివారం ఆదివారం పాటలు నేర్పిస్తాను, తల దువ్వుతాను, కథలు చెబుతాను. అంగన్‌వాడీలో పని చేసిన రోజుల నుంచి వాళ్ళ అమ్మలకు కూడా నేనే నేర్పాను. ఇంతవరకు ఒక్కణ్ణి కూడా చేతులెత్తమనలేదు. యేసయ్య కావాలా వద్దా అన్నది వాళ్ళు పెద్దయ్యాక వాళ్ళే చూసుకుంటారు. నీకు అంత ఓపిక లేదు. నీకు అమావాస్య నుంచి పున్నమిలోపు పంట చేతికి రావాలి, పైగా దాని ఫోటో రావాలి.

ఇక నీ మూడో ప్రశ్న. ఆ రోజు కట్టయ్యను హాలులోకి ఎవరు రానిచ్చారో కనుక్కుని రాయమన్నావు. తాగి దారి తప్పి వచ్చాడని జాన్సన్ నీకు చెప్పాడట. ఆ ఒక్క మనిషి వల్ల ట్రస్టు పరువు గంగలో కలిసిందట. అది చివర చెబుతాను. దానికంటే ముందు కట్టయ్య కూతురి సంగతి నీకు సరిగ్గా తెలియాలి. నీ కాగితాల్లో అచ్చయింది వేరే పిల్ల.

ఆ పిల్ల పేరు భవాని. పట్టాల వెంబడి గుడిసెల్లో మూడో సందులో ఇల్లు. తండ్రి కట్టయ్య మార్కెట్లో హమాలీ, బస్తాలు మోస్తాడు. తల్లి సమ్మమ్మ జిన్నింగు మిల్లులో పత్తి ఏరుతుంది. పోయిన వానాకాలం పిల్లకు జ్వరం వచ్చి, ఇక దక్కదని అందరూ అనుకున్నారు. సమ్మమ్మ దవాఖాన వరండాలో కూర్చుని, పిల్ల బతికితే తండ్రీ కూతుళ్ళ తలనీలాలు ఇస్తానని, పిల్ల బరువంత బెల్లం తూగిస్తానని సమ్మక్క తల్లికి మొక్కుకుంది. పిల్ల బతికింది. జాతర ముగిసి ఎండలు మొదలయ్యాక ముగ్గురూ మేడారం పోయారు. తండ్రీ కూతురూ గుండు చేయించుకుని, నెత్తికి పసుపు పూసుకుని, బెల్లం పంచుకుంటూ వచ్చారు. మా ఇంటికి కూడా ఇంత ముద్ద ఇచ్చిపోయింది సమ్మమ్మ. మీ బావ చాయలో వేసుకుని తాగాడు.

వాళ్ళు తిరిగొచ్చిన మర్నాడే నీ ఫోటోల బృందం దిగింది. పసుపు ఇంకా పోలేదు. ఆ కెమెరా అబ్బాయి ఎక్కడివాడో, పాపం వాడికి పసుపు తెలియదు. పిల్ల నెత్తి చూసి ఏదో పెద్ద రోగం అనుకున్నాడు. చెవుల కమ్మలు తీయించాడు, చెప్పులు విడిపించాడు, ఇంటి ముందు రంగు వేసిన గోడ ఉండగా పెంటకుప్ప దగ్గర నిలబెట్టాడు. నవ్వొద్దన్నాడు. ఆ పిల్లకు నవ్వకుండా ఉండటం రాదు. ఎండలోకి కళ్ళు తిప్పి చూడమంటే నీళ్ళు వచ్చాయి. ఆ కన్నీళ్ళే నీ పోస్టరు మీద ఉన్నాయి.

పోస్టరు నాకు జాన్సనే చూపించాడు, గొప్పగా. అందులో భవాని లేదు, గ్రేస్ ఉంది. గ్రేస్‌కు తల్లీ తండ్రీ లేరు. గ్రేస్‌కు రోగం వచ్చి జుట్టు రాలిపోయింది. గ్రేస్ మీ సాయం కోసం ఎదురుచూస్తోంది. కెమెరా అబ్బాయికి తెలియకపోవచ్చు. నీకేమైంది? తొర్రూరు దగ్గర పుట్టినవాడివి, మన పల్లె నుంచి జాతరకు బండ్లు కట్టుకుని పోతుంటే వెనక పరుగెత్తినవాడివి, పసుపు పూసిన గుండు గుర్తుపట్టలేదా? గుర్తుపట్టావు. ఆ సంగతి నేను ఫోన్లో చెప్పాను కూడా. "పోనీ అక్కా, ఫోటో మంచిగ పడ్డది" అన్నావు. సమ్మక్కకు ఇచ్చిన మొక్కు మీద యేసయ్య పేరున చందాలు వసూలు చేశావు. ఇద్దరిలో ఎవరికి ముందు కోపం రావాలో వాళ్ళే తేల్చుకుంటారు.

ఆ తర్వాతి గొడవంతా ఆ పోస్టరు తెచ్చిందే. అతిథులు గ్రేస్‌ను కళ్ళారా చూడాలన్నారు. చూసి, హైదరాబాదులో నీ ట్రస్టు నడిపే అనాథ పిల్లల ఇంట్లో పెట్టి ఇంగ్లీషు చదువు చెప్పిస్తామన్నారు. అప్పుడు జాన్సన్ నన్ను వెంటబెట్టుకుని సమ్మమ్మ ఇంటికి వచ్చాడు. నేనుంటే వాళ్ళు నమ్ముతారని. విషయం చెప్పాక కట్టయ్యతో అన్నాడు గదా, "ఒక్క పూటనే అన్నా. వాళ్ళు వచ్చి పోయేదాక నువ్వు లేనట్టు ఉండాలె."

"లేనట్టు అంటె ఎట్ల సారు? ఊరికి పోయినట్టా, సచ్చినట్టా?"

"సచ్చినట్టే అనుకో."

కట్టయ్య నవ్వాడు. "గట్లయితె దినాలు ఎప్పుడు చేత్తరు? కల్లు మంచిగ పోయాలె మరి."

సమ్మమ్మ నవ్వలేదు. "నువ్ ఊకో జర. పిల్ల ఇంగ్లీషు బడికి పోతదంటె ఒక్క పూట సస్తె నీ సొమ్మేం పోతది? నేనేం జెయ్యాలె సారు?"

"నువ్వు చిన్నమ్మ. పిల్ల నిన్ను చిన్నమ్మ అనాలె. గంతే."

నేను ఊరుకోలేదు. "జాన్సన్, నిన్ను కన్నామెను ఎవరి ముందరైనా చిన్నమ్మ అని పిలిచినవా?" అని అడిగాను. వాడు అద్దాలు సర్దుకుని, "బావ చెప్పిండు వదినా, నాదేముంది" అన్నాడు. వాడికి నీ మాట వాక్యం. నీకేమో అతిథుల మాట వాక్యం. బైబిలు బీరువాలో భద్రంగా ఉంది.

సమ్మమ్మ నా చెయ్యి పట్టుకుంది. "టీచరమ్మా, అడ్డం మాట్లాడకు. పత్తి దుమ్ముకు నా ఊపిరి సగమైంది. నా బిడ్డ గా మిల్లుల అడుగు పెట్టొద్దు. చిన్నమ్మ అంటె నేను చిన్నమ్మనైతనా?" అంది. ఆమెది ఆశ తమ్ముడూ, దాన్ని నేను తప్పు పట్టను. ఆ ఆశకు వెల కట్టినవాళ్ళ మీదే నాకు అసహ్యం.

ఆ తర్వాత వారమంతా జాన్సన్ రోజూ వచ్చి పిల్లకు తర్ఫీదు ఇచ్చాడు. తల్లిని చూపించి "ఈమె ఎవరు" అంటాడు. "మమ్మీ" అంటే చాక్లెట్ లేదు. "చిన్నమ్మ" అంటే చాక్లెట్. నీకు గుర్తుందా, మన హాస్టల్లో బైబిలు వాక్యాలు కంఠతా ఒప్పజెబితే తీపి బిళ్ళలు ఇచ్చేవాళ్ళు? సరిగ్గా అలాగే. మనం "నీ తండ్రిని నీ తల్లిని సన్మానించుము" అని ఒప్పజెప్పాం. నీ పిల్లలు ఇది ఒప్పజెబుతున్నారు.

చివరి రోజు అందరూ వచ్చారు. చేతులెత్తడం అయ్యాక జాన్సన్ భవానిని వేదిక మీదికి తెచ్చాడు. అతిథుల్లో పెద్దావిడ "గ్రేస్, గ్రేస్" అని పిలుస్తుంటే, పిల్ల ఆ గ్రేస్ ఎవరా అని వెనక్కి తిరిగి చూసింది. సమ్మమ్మ పక్కన నిలబడి చిన్నమ్మగా చేతులు కట్టుకుంది. తలకు నూనె లేదు, నుదుట బొట్టు లేదు. అవి వద్దని జాన్సన్ చెప్పాడట. ఆ తల్లి ముఖం చూసి నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచి నిలబడి అందరూ వినేలా చెప్పాను. "ఈ సమ్మమ్మ చిన్నమ్మ కాదు. ఆ పిల్లను కన్నతల్లి. పిల్లకు రోగం లేదు, అది మొక్కు గుండు" అన్నాను.

పెద్దావిడ జాన్సన్ వంక చూసింది. నీ బామ్మర్ది ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. ఇంగ్లీషులో ఏదో పొడుగ్గా చెప్పాడు. నాకొచ్చిన నాలుగు ముక్కల ఇంగ్లీషుకు కూడా "లైక్ మదర్" అన్నది అర్థమైంది. సమ్మమ్మ ఆ పిల్లకు తల్లిలాంటిదని నేను సాక్ష్యం చెప్పానట. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దావిడ కళ్ళు తుడుచుకుని వచ్చి నన్ను కౌగిలించుకుంది. ఇన్నేళ్ళలో నేను చెప్పిన నిజానికి చప్పట్లు రావడం అదే మొదటిసారి. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇప్పుడు నీ మూడో ప్రశ్నకు వస్తాను. కట్టయ్య తాగలేదు, దారి తప్పలేదు. ఆ పూట చచ్చినవాణ్ణి దాచిపెట్టింది మా ఇంట్లోనే. మీ బావతో కలిసి పచ్చిపులుసు పోసుకుని అన్నం తింటున్నాడు. నేను హాలులోంచి బయటికి నడిచి, సందు దాటి ఇంటికి వచ్చి, "లే కట్టయ్యా, చచ్చింది చాలు" అన్నాను.

"సమ్మమ్మ తిడుతది టీచరమ్మా" అన్నాడు.

"తిట్టనీ."

మీ బావ తల ఎత్తకుండానే, "పో, పోయి లేచి రా. మూడో దినం దాక ఎందుకు" అన్నాడు. కట్టయ్య చెయ్యి కడుక్కున్నాడు. నేను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి హాలు గుమ్మంలో నిలబెట్టాను. నన్ను ఎవరూ పంపలేదు, ఎవరూ చెప్పలేదు. నేనే తెచ్చాను. నువ్వు కనుక్కుని రాయమన్న మనిషి నీ అక్కే.

భవాని చేతికి అప్పుడే పాట పాడమని మైకు ఇచ్చారు. తల్లిని ఏమని పిలవాలో జాన్సన్ వారమంతా నేర్పాడు. తండ్రిని ఏమని పిలవాలో నేర్పలేదు, చచ్చినవాడితో పనేముందని. పిల్ల గుమ్మం వైపు చూసింది. అప్పుడప్పుడే జుట్టు మొలుస్తున్న తండ్రి తల చూసింది. "డాడీ!" అని మైకులో అరిచింది.

మన బస్తీలో ఇప్పుడు నాయినా, బాపూ అనే పిల్లలు ఎవరూ లేరు తమ్ముడూ. గుడిసె గుడిసెకూ మమ్మీ, డాడీలే. ఆ మాట పట్టాల అవతలి దాకా వినిపించింది. దానికి జాన్సన్ తర్జుమా అవసరం లేకపోయింది. పెద్దావిడ కట్టయ్య గుండు చూసింది, పిల్ల గుండు చూసింది, ఒకటే రకం మొలకలు. జాన్సన్‌ను ఏదో ఒక్క మాట అడిగింది. వాడి నోట తెలుగూ రాలేదు, ఇంగ్లీషూ రాలేదు. ఆమె తన సంచి తీసుకుని బండెక్కింది. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమె నమ్మి వచ్చింది. నువ్వు అమ్మావు.

మర్నాడు కండువాల కుర్రాళ్ళు కొందరు బండ్ల మీద దిగారు. మతం మారుస్తున్నారట కదా అని నా మీద కేకలు వేశారు. భవానికి కండువా కప్పి వాళ్ళూ ఒక ఫోటో తీసుకున్నారు. వాళ్ళకు కూడా ఆ పిల్ల నవ్వకూడదట. వాట్సాప్‌లో పెట్టుకుని పోయారు, మళ్ళీ రాలేదు. పిల్ల ఏ బడిలో చేరిందని వాళ్ళూ అడగలేదు, నువ్వూ అడగలేదు. నీకూ వాళ్ళకూ బాగా కుదురుతుంది, ఒకసారి కలుసుకోండి.

ఇంత రాసి నేనేదో గెలిచానని చెప్పుకోవడం లేదు. ఆ సాయంత్రం సమ్మమ్మ మా వాకిట్లోకి వచ్చి నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. "నీ నిజం నీకు మంచిగనే ఉన్నది టీచరమ్మా. పింఛను వస్తది, ఇల్లున్నది. నా పిల్ల మిల్లుకు పోతే గీ నిజం వచ్చి పత్తి ఏరుతదా?" అంది. నీ మీద ఇంత ఉమ్మేస్తున్నదాన్ని, ఆమె ముందు తల ఎత్తలేకపోయాను. ఆమె పిల్లకు రాబోయిన సీటు పోగొట్టింది నేనే కదా. ఆ రెండు రోజులూ మన అమ్మే పదే పదే గుర్తుకు వచ్చింది. ఒకరి పొలంలో కలుపు తీసి, ఆ మట్టి కాళ్ళతోనే మన హాస్టల్ గేటు దగ్గరికి వచ్చేది. హాస్టల్ చూసుకునే ఆ దొరసానమ్మ దేవతేమీ కాదు, మనకు ఆముదం తాగించేది, పేలు పడితే చెవి మెలిపెట్టేది. కానీ అమ్మ వస్తే వరండాలో కుర్చీ వేయించేది. "మీ అమ్మ వచ్చింది, పొండి" అని మనల్ని పంపేది. మనకు అన్నం పెట్టడానికి మన అమ్మను చంపమని ఎవరూ అడగలేదు ఇమ్మానుయేలూ. ఆ కుర్చీ నువ్వు కూడా చూశావు.

మూడో రోజు నేనే పోయి సమ్మమ్మను బతిమాలాను. నర్సంపేట పక్కన సర్కారు కస్తూర్బా బడి ఉంది, ఆడపిల్లలను అక్కడే ఉంచుకుని చదువు చెబుతారు, ఆరో తరగతిలో ఖాళీలు ఉన్నాయని విన్నాను. మొదట మొహం తిప్పుకుంది. తర్వాత, "నా ముచ్చట నీతోటి లేదు, పిల్ల కోసం వత్తాన" అని బస్సెక్కింది. దారిపొడవునా నాతో మాట్లాడలేదు.

నాలుగో సంగతి. చలికాలంలో ఇంకో బృందం వస్తుందని, ఇంకో పిల్లను చూసి పెట్టమని, ఈసారి నోరు లేని కుటుంబమైతే మంచిదని రాశావు. ఆ మాట రాయడానికి నీ చెయ్యి ఎలా వచ్చిందో నాకు తెలియదు. హాలు తాళం జాన్సన్‌కు ఇవ్వమన్నావు. ఇవ్వను. ఆదివారపు బడి నడుస్తోంది, ఇప్పుడే ముగించుకుని వచ్చి ఇది రాస్తున్నాను. బిస్కెట్లు లేకపోయినా పిల్లలు వచ్చారు, కొందరు రాలేదు. తాళం కావాలంటే నువ్వే వచ్చి మీ బావ ముందు అడిగి తీసుకో.

భవానికి సీటు దొరికింది. అది చెప్పి ఆపేద్దామనుకున్నాను. కానీ ఇంకొకటి ఉంది, అది నీకు తెలియాలి.

ఆ బడి పెద్ద మేడమ్ మంచి మనిషి. పిల్లను దగ్గరికి తీసుకుని పేరు అడిగింది. భవాని అని చెప్పింది. సమ్మమ్మను చూపించి, "నీతోని వచ్చిన ఈమె ఎవరు బిడ్డా?" అని అడిగింది. ఊరికే, మాట కలపడానికి. పిల్ల తల్లి వంక చూసింది. తర్వాత నా వైపు తిరిగి, మెల్లగా అడిగింది.

"టీచరమ్మా, ఇక్కడ ఏమని చెప్పాలె? మమ్మీ అంటె సీటు ఇయ్యరా?"

సమ్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు ఆపుకుంటూనే వచ్చి నా పక్కన నిలబడింది. మమ్మీ అనే చెప్పమని పిల్లకు నేనే చెప్పాను. చెప్పింది, కానీ చెప్పాక మేడమ్ మొహం చూస్తూ నిలబడింది, ఆమె ఏమంటుందోనని.

కొత్త పిల్లను వెతకమని నాకు రాసే ముందు ఈ పిల్లకు ఒక ఉత్తరం రాయి. నీ చేత్తో రాయి. దాని కింద రబ్బరు ముద్ర వేయకు.

ఇట్లు,
మన అమ్మను అమ్మా అనే పిలిచిన నీ అక్క,
రాహేలు.